మైలబండ

మే 9, 1978

రేపల్లెవాడిని కదా అని నాకు పడవ అంటగట్టారు.

ఇంజనీరు శ్రీహరిరావు గారిది బందరు. తోటి కోస్తావాడినన్న అభిమానంతో అప్పగిస్తున్నట్టే మాట్లాడారు. "కృష్ణ ఒడ్డున పుట్టినవాడివి ఉమాపతీ, పడవల సంగతి నీకు కాక ఇంకెవరికి తెలుస్తుంది?" అన్నారు. నేను జన్మలో తెడ్డు పట్టలేదు. చిన్నప్పుడు పెనుమూడి రేవులో బల్లకట్టు ఎక్కితే, అవతలి ఒడ్డు దాకా మా అమ్మ చెంగులో తల దాచుకున్నాను. ఓవర్సీరు ఉద్యోగం వెలగబెడుతూ ఆ మాట చెప్పుకుంటానా? అలాగేనండి అన్నాను.

పని ఇదీ. ఆఫీసుకు కొత్తగా ఒక రేకు పడవ వచ్చింది, రెండు చక్రాల ట్రైలరు మీద. వానలు మొదలయ్యేలోగా, పురానాపూల్ నుంచి మూసారాంబాగ్ దాకా మూసీ పొడుగునా దాన్ని నీళ్లలోకి దింపడానికి అయిదు చోట్లు ఎంచాలి. వరదొస్తే ఇక ఆలోచించుకునే పని లేకుండా జీపు నేరుగా అక్కడికి పోవాలన్నమాట. ఒక ఫారం ఇచ్చారు. దారి వెడల్పు, వాలు, నేల తీరు, దగ్గర్లో ఉన్న బస్తీ. చివరి గడిలో "స్వయంగా దిగి చూశారా?" అని ఉంది.

మా ఆవిడ రాజ్యానికి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. ఈమధ్య తను నవ్వినా నాకు భయమే. అయిదో నెల. ముందు రెండు సార్లూ అయిదు దాటలేదు.

మే 11

పడవకు టార్పాలిన్ కప్పి జీపు వెనక కట్టుకుని బయల్దేరితే చూడాలి మా ఊరేగింపు. ముసుగేసుకుని పోతుందని డ్రైవరు ప్రకాశం దానికి పెండ్లిపిల్ల అని పేరు పెట్టాడు. మూసీలో మురికినీళ్ల పాయ తప్ప ఏమీ లేదు, మిగతా అంతా పశువుల గడ్డి. అఫ్జల్‌గంజ్ దగ్గర పండ్లబండి ముసలాయన "పానీ కహాఁ హై సాబ్?" అని అడిగాడు. "ఆతా హై చచ్చా, జరా ఠైరో" అని, వస్తాయి కాస్త ఆగమన్నాడు ప్రకాశం. జనం ఒకటే నవ్వు.

ప్రకాశానిది పద్దెనిమిదేళ్ల సర్వీసు. చాదర్‌ఘాట్ దిగువ బస్తీలో పుట్టి పెరిగాడు. క్రైస్తవుడు. స్టీరింగు మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం కళ్లు మూసుకోనిదే జీపు కదపడు. పేరుకు ఓవర్సీరును నేనే అయినా ఇవాళ పాఠం చెప్పింది అతనే.

"ఇనుండ్రి సార్. నిట్టనిలువుగ ఉంటే జీపును గూడ గుంజుకపోతది. చదునుగ ఉంటే పడవ తేలదు. పడవ తేలాలె, జీపు టైర్లు తడవొద్దు. గట్ల చూడాలె. అన్నిటికంటె నేల ముఖ్యం. ఎండకాలంల నేల ఏం చెప్పిన నమ్మొద్దు."

ప్రతి చోటా బూటు మడమతో నేలను తన్ని చూశాడు. ట్రైలరును నీటి అంచుదాకా వెనక్కి నడిపి చూపించాడు. నేను టేపు పట్టుకుని గొడుగు కింద నిలబడ్డాను. మూడు చోట్లు కుదిరాయి.

మే 12

పొద్దున నాలుగోదీ తేలింది. మిగిలింది దబీర్‌పురాకు ఉత్తరంగా, నదిలోకి చొచ్చుకుపోయిన చాకలి బస్తీ దగ్గర. మా ఇంటికి నడిచిపోయేంత దూరం. మా ఇంటి బట్టలు ఉతికే కొమురమ్మ అక్కడే ఉంటుంది. అన్నిటికన్నా కింది వరసలో ఆమె ఇల్లు. నన్ను చూసి, "ఏంది సారూ, పడవ కొనుక్కున్నవా? అమ్మ మంచిగున్నదా? బరువు ఎత్తనియ్యకు" అంది. ఆమె మొగుడు మల్లన్న గాడిద మీద మూట సర్దుతూనే దండం పెట్టాడు.

బస్తీ పక్కన రోడ్డు అంచు నుంచి నదిలోకి ఒక పెద్ద రాతిబండ వాలుగా దిగింది. ప్రకాశం ముఖం వెలిగింది. "గిదే సార్. నీళ్లు ఎంత మీదికొచ్చినా బండకే తాకుతయి. టైరు కుంగుడన్న ముచ్చటే లేదు. రాండ్రి, దిగి కొలుద్దాం" అన్నాడు.

దాన్ని మైలబండ అంటారు. చావు జరిగిన ఇళ్ల బట్టలు మిగతా రాళ్ల మీద వేయరు, అక్కడే ఉతుకుతారు. నిన్ననే ఏదో చావు అయినట్టుంది, తెల్లటి పంచె ఒకటి ఆరేసి ఉంది. కొమురమ్మ వాళ్ల బస్తీకి వెళ్తున్నానని పొద్దున చెబితే, ఆ బండ తొక్కవద్దని రాజ్యం అంది. కడుపుతో ఉన్న మనిషి మాట. ఎలా కాదంటాను? నేను దిగలేదు. "ఎగుడుదిగుడుగా ఉన్నట్టుందయ్యా" అన్నాను. ప్రకాశం నా మొహంకేసి చూసి జీపు వైపు నడిచాడు.

అక్కడికి రెండు ఫర్లాంగుల ఎగువన గడ్డిమండి మైదానం ఉంది. గడ్డిబండ్లు తిరిగి తిరిగి సిమెంటు చేసినట్టుంది. వాలు కూడా ముచ్చటగా ఉంది.

"సార్, గీ నేల కింద అంతా కుళ్లిన గడ్డి, పెండ. ఎండకు గట్టిగుంటది, వానకు దిగవడతది" అన్నాడు ప్రకాశం.

నేనే మడమతో తన్నాను. గట్టిగా తగిలింది. కాలు నొప్పి పుట్టేంత గట్టి నేలను కాదనడానికి నాకు కారణం కనబడలేదు.

మే 13

ఫారం నింపాను. అయిదో చోటు గడ్డిమండి. గట్టి నేల, మంచి వాలు. చూసి వదిలేసిన చోట్లు కూడా రాయమన్నారు కనక రాశాను. మైలబండ, ఎగుడుదిగుడు రాయి, చక్రాలకు అపాయం. స్వయంగా దిగి చూశారా? చూశాను.

రోడ్డు మీద నుంచి చూసినా చూడటమే.

జూన్ 3

జాబితా టైపై గోడకెక్కింది, కింద నా పేరుతో. శ్రీహరిరావు గారు నలుగురిలో మెచ్చుకున్నారు. ఇంటికి వచ్చి రాజ్యానికి రెండుసార్లు చెప్పాను.

జూన్ 22

ఆరో నెల దాటుతోంది. దేవుడున్నాడు.

జూలై 16

రాత్రంతా వాన. గడ్డిమండి ఎలా ఉందో ఒకసారి వెళ్లి చూడాలి.

జూలై 18

వెళ్లలేదు. ఆఫీసులో పని.

జూలై 31

వెళ్లాలి.

ఆగస్టు 19

కొమురమ్మ పోయింది.

ఆగస్టు 20

జరిగింది జరిగినట్టు రాసుకుంటే మనసు కుదుటపడుతుందేమో.

పైన చెరువులు నిండి గేట్లు ఎత్తారని నిన్న పొద్దున కబురు వచ్చింది. ఏడింటికి నేను, ప్రకాశం, ఇద్దరు ఖలాసీలు పడవతో బయల్దేరాం. చాకలి బస్తీ చుట్టూ నీళ్లు తిరిగాయి. కింది వరసలో పదకొండుమంది చిక్కుకున్నారు. ఏడుంబావుకు గడ్డిమండి దగ్గర రోడ్డు మీద ప్రకాశం జీపు ఆపాడు. నావైపు తిరిగి ఏదో అన్నాడు. వానలో వినపడలేదు. దింపమన్నాను.

ట్రైలరు రెండు బారలు వెనక్కి పోయిందో లేదో ఇరుసు దాకా కూరుకుపోయింది. తర్వాత జీపు వెనక చక్రాలు. పలకలు వేశాం, గడ్డిమోపులు వేశాం, ఎంత వేసినా మింగేస్తోంది. చివరికి పడవ కట్లు విప్పి, రోడ్డు మీద జనాన్ని పిలిచి, ఇరవైమంది మోకాటిలోతు బురదలో భుజాల మీద మోసి నీళ్లలో వేసేసరికి ఎనిమిదీ నలభై. బస్తీ చేరేసరికి తొమ్మిది. పదిమందిని ఎక్కించాం.

కొమురమ్మ ఇంటి గోడ ఎనిమిదిన్నరకు పడిందిట. ఆరింటి నుంచీ ఇళ్లవాళ్ల బట్టలమూటలు ఒక్కొక్కటే రోడ్డు మీదికి చేరేసిందిట. ఆఖరి మూటకోసం దిగినప్పుడు నీళ్లు చుట్టుముట్టాయి. మల్లన్న ఒడ్డున ఉండిపోయాడు. గోడ మీద కూర్చుని గంటసేపు అతనికి చెయ్యి ఊపుతూనే ఉందిట, పడవ వస్తుందిలే, నువ్వు దిగకు అని.

వానలో వినపడలేదు. అంత వాన.

ఆగస్టు 24

శ్రీహరిరావు గారు గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"ఒక మనిషి పోయిందయ్యా. పైవాళ్లు కారణం అడుగుతున్నారు. చోటు ఎంచింది నువ్వు, సంతకం పెట్టింది నేను. బండి వెనక్కి నడపడంలో ఏమన్నా తేడా జరిగిందేమో ఆలోచించు" అన్నారు.

ఆలోచించడానికి నా దగ్గర ఏముంది? తల దించుకున్నాను.

"అక్కడ దింపవద్దని డ్రైవరు ఏమన్నా అభ్యంతరం చెప్పాడా?"

"వానలో వినపడలేదండీ" అన్నాను.

సాయంత్రానికి ప్రకాశం చేతికి సస్పెన్షన్ కాగితం. నిర్లక్ష్యంగా నడిపినందుకట. జీపు తాళాలు నా బల్ల మీద పెట్టి, "పోయొస్త సార్" అన్నాడు. నేను ఫైలు చూస్తున్నట్టు కూర్చున్నాను. ఆ ఫైలు తలకిందులుగా ఉందని అతను వెళ్లాక తెలిసింది.

ఆగస్టు 25

రాజ్యానికి ఎనిమిదో నెల. ఇప్పుడు ఇంట్లో గొడవ పెట్టుకోకూడదు. కాన్పు కాగానే నిజం చెప్పేస్తాను. ప్రకాశం మీద విచారణ ఎలాగూ అక్టోబరులో కదా.

ఆగస్టు 31

గుమ్మంలో మల్లన్న. గుండు చేయించుకున్నాడు. నన్ను నిలదీయడానికే వచ్చాడనుకున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడి సామెత నాకోసమే పుట్టింది. అతను వచ్చింది మా బట్టలు ఇవ్వడానికి.

"జర ఆలస్యమైంది సారూ. మీ మూట ముందుగాల్నే రోడ్డు మీద పెట్టింది. తడువలే" అన్నాడు.

రాజ్యం లోపలికి వెళ్లి ఏడ్చింది. నేను నా నీలం చొక్కా పట్టుకుని నిలబడ్డాను. ఇస్త్రీ మడతలో చెయ్యి పెట్టలేకపోయాను. నిజం చెప్పడానికి నోరు తెరిచి, "భోంచేశావా మల్లన్నా?" అని అడిగాను.

సెప్టెంబరు 16

ఆడపిల్ల. బతికి ఉంది. ఆస్పత్రి వరండా అంతా వినపడేట్టు ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఇది ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. ఆ బండ తొక్కకపోవడమే మంచిదైందని ఒక్క క్షణం అనుకున్నాను. ఒక్క క్షణమే. కానీ అనుకున్నాను.

సెప్టెంబరు 27

పురుడు వెళ్లింది. ఇప్పుడు చెప్పవచ్చు. పాపను ఉయ్యాలలో వేసే ముచ్చట అయిపోతే అప్పుడు చెబుతాను.

అక్టోబరు 6

ఉయ్యాలా అయింది. దసరా లక్ష్మీపూజ అయ్యాక చెబుతాను.

ఈ పేజీలు వెనక్కి తిప్పి చదువుకుంటే నాకే అసహ్యం వేస్తోంది.

అక్టోబరు 8

ప్రకాశం భార్య రాహేలు ఇంటికి వచ్చింది. ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోలేదు.

"సార్, పద్దెనిమిదేండ్ల నౌకరీల ఒక్క గీత పడలే ఆయన మీద. తిండి తింటలేడు. మీరు జీపుల పక్కనే ఉంటిరి. గా దినం ఏం జరిగిందో మీరొక్క మాట చెప్తే చాలు. ఆయనకు ఎర్కలేకుంట వచ్చిన."

"విచారణలో అన్నీ తేలతాయమ్మా" అన్నాను. నా గొంతు నాకే శ్రీహరిరావు గారి గొంతులా వినిపించింది.

పాపను ఒక్కసారి ఎత్తుకుని, తల మీద చెయ్యి పెట్టి ఏదో ప్రార్థించి వెళ్లింది. రాజ్యం మధ్యగుమ్మంలో నిలబడి అంతా వింది.

అక్టోబరు 9

వానలో వినపడలేదనే ఇంట్లోనూ చెప్పి ఉన్నాను. పొద్దున కాఫీ ఇస్తూ రాజ్యం అడిగింది.

"ఆ మాత్రం జీపులో పక్కపక్కన కూర్చుంటే, వానైతే మాత్రం వినపడదూ?"

చెప్పాను. మైలబండ సంగతి, ఫారం సంగతి, అన్నీ. చివర్న, "నువ్వేగా ఆ బండ తొక్కవద్దన్నావు" అన్నాను. పెళ్లాం మీదికి తోసేస్తే సగం బరువు దిగుతుందనుకున్నాను కాబోలు.

తను ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది.

"నేనెప్పుడన్నానండీ? వెళ్లొచ్చాక దొడ్లో స్నానం చేసి లోపలికి రండి అన్నాను. నీళ్లు తోడి పెట్టాను కూడా. మర్చిపోయారా?"

మర్చిపోలేదు. ఆ రోజు దొడ్లో బిందె నిండా నీళ్లున్నాయి. నేను ఆ నీళ్లు వాడలేదు, ఎందుకంటే దిగలేదు కనక. ఎండగా ఉంది. ఆ పంచె చూస్తే భయం వేసింది. భయం నాది. తనది కాదు. ఒక్క చెంబెడు నీళ్లతో పోయేదానికి ఒక మనిషిని పోగొట్టాను.

ఇంకొకటి కూడా రాయాలి. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ రాయను.

వినపడింది. ప్రకాశం అన్న ప్రతి మాటా వినపడింది. "సార్, గీడ వద్దు. దిగవడ్తం. బండ కాడికి రెండు నిమిషాల్ల పోతం. మీ కాళ్లు మొక్కుత, బండ కాడికి పోదాం" అన్నాడు. ఆ బండ మీద నుంచి పడవ దిగితే, నేను రాసింది అబద్ధమని అందరికీ తెలుస్తుంది. ఆ క్షణంలో నాకు తోచింది అదొక్కటే. "జాబితాలో ఉన్న చోటే దింపు. ఓవర్సీరువి నువ్వా నేనా?" అన్నాను.

ఇదీ జరిగింది.

అక్టోబరు 10

చాదర్‌ఘాట్ దిగువకు వెళ్లాను. ప్రకాశం ఇంటి ముందు నులకమంచం బిగిస్తున్నాడు. నన్ను చూసి లేచి, చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఆ మర్యాదకు నాకు తల తీసేసినట్టయింది.

"వినపడింది ప్రకాశం" అన్నాను. "ఆ రోజు నువ్వన్నది."

"ఎర్కే సార్. మీరు జవాబిచ్చిండ్రు గద."

"మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదు?"

"మల్లన్నకు ఏం మొకం పెట్టుకొని చెప్పాలె?" మంచం తాడు వేలికి చుట్టుకుంటూ అన్నాడు. "స్టీరింగు నా చేతుల ఉండె సార్. మీరు ఆడ పోనియ్యంటే, నేను బండ కాడికి తిప్పుకపోతే మీరు దునికి ఆపుతరా? ఆపరు. తిప్పలే. ఎందుకు తిప్పలే? మాట ఇనలేదని నౌకరీ తీస్తరని బుగులు. గా నౌకరీ కోసరం కొమురక్కను ఇడిసిపెట్టిన. ఇప్పుడు గది గూడ పాయె."

ఓదార్చబోయాను. ఆ అర్హత నాకెక్కడిది? తప్పంతా నాదేనని అన్నాను.

"మీది మీకుంది సార్. నాది నాకుంది. నాది మీరు తీస్కపోలేరు" అన్నాడు.

రాహేలు చాయ్ తెచ్చింది. తాగాను. కాదని లేచిపోయే ధైర్యం కూడా లేదు నాకు.

అక్టోబరు 11

మూడు పేజీల వాంగ్మూలం రాశాను. రాజ్యం చదివి, ఒకచోట "భార్య మాట ప్రకారం" అన్నది కొట్టేసింది. ఇంకా రాశానా అది! చెయ్యి దానంతట అదే రాసింది.

అక్టోబరు 13

విచారణకు బయటి నుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. శ్రీహరిరావు గారు ఆయన పక్కన కూర్చున్నారు. ప్రకాశం గోడ దగ్గర నిలబడ్డాడు. మల్లన్నను సాక్షిగా పిలిచారు, బల్లకు అవతల నేల మీద కూర్చుంటే లేపి బెంచీ మీద కూర్చోబెట్టారు.

నా కాగితం ఇచ్చాను. అధికారి చదువుతుంటే శ్రీహరిరావు గారు మెడ చాచి చూశారు. రెండో పేజీకి ఆయన మొహంలో నెత్తురు లేదు. అధికారి కళ్లజోడు తీసి అడిగారు.

"దిగి చూశానని రాశారు. దిగలేదంటున్నారు. ఎందుకు దిగలేదు?"

కాగితంలో ఉంది కదా అన్నాను. నోటితో చెప్పమన్నారు. మల్లన్న నాకు ఎదురుగా ఉన్నాడు. గుండు మీద వెంట్రుకలు పొట్టిగా పెరిగాయి.

"అది చావు మైల ఉతికే చోటండీ. మా ఆవిడ కడుపుతో ఉంది. అంటుతుందని భయపడ్డాను."

"డ్రైవరు వద్దన్నాడా?"

"అన్నాడు. వినపడింది. నేనే బలవంతాన దింపించాను."

ప్రకాశం తల ఎత్తలేదు. అధికారి మల్లన్న వైపు తిరిగి, ఆ బండ మీదికి జీపు పోగలదా అని అడిగారు.

"ఇసుక లారీ దిగుతది సార్, ఎక్కుతది. ఎండకాలం దినాం చూస్తం" అన్నాడు మల్లన్న. మళ్లీ అన్నాడు, నాతో కాదు, ఆయనతో. "చావు బట్టలే కాదు సార్, ఆడ కాన్పు బట్టలు గూడ ఉతుకుతం. గీ సారు ఇంటియి గూడ గాడనే. అమ్మకు రెండు మాట్ల కడుపు పోయినప్పుడు మా ఆమెనే తెచ్చి ఉతికింది. ఏడ్సుకుంట ఉతికింది. మొన్న పాప పుట్టినయి నేను ఉతికిన."

ఆ రెండు సార్లూ మూట కట్టి ఇచ్చింది నేనే. ఆ మూట ఎక్కడికి పోతుందని ఏనాడూ అడగలేదు. ఆ బండ మీదే ఆరి, మడతలు పడి తిరిగి వచ్చిన దుప్పట్లే కప్పుకుని పడుకున్నాను ఇన్నాళ్లూ.

డ్రైవరు మీద అభియోగం నిలవదని అధికారి అక్కడే రాయించారు. ప్రకాశం సోమవారం నుంచి రావచ్చు. నా సంగతి పైకి రాస్తామన్నారు. సస్పెన్షనే అయి ఉంటుంది, కాకపోతే ఇంకా పెద్దదే. సంతకం చేశాను. అక్షరాలు తిన్నగా పడ్డాయి, అందుకు గర్వపడబోయి సిగ్గుపడ్డాను.

బయట మెట్ల దగ్గర మల్లన్న చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఆగాను. క్షమించమని అడగాలని ఎన్ని రోజులుగానో మాటలు కూడబలుక్కున్నాను. అతనే అడిగాడు.

"రేపు శనివారం. బట్టలకు రావాల్నా సారూ?"

"రా మల్లన్నా."

రెండో చెప్పు తొడుక్కున్నాడు.

"మరి ఏడ ఉతకమంటరు?"

ఎత్తిపొడుపు కాదు. మా ఇంట్లో పసిపిల్ల ఉంది కదా, నాకు పట్టింపు ఉంది కదా అని నిజంగానే అడిగాడు.